మీ సోడా పెట్టెలు మా షాపులోంచి ఎప్పుడు తీసుకెళ్తారు?

మేనేజర్ గారికి,

న్యూయార్క్‌, క్వీన్స్‌లో మాకు లిక్కర్ స్టోర్ ఉంది. ఎనిమిదేళ్ళుగా మీ దగ్గరే సరుకు కొంటున్నాను. ఇంగ్లీషులో పంపిన ఐదు మెయిళ్ళకూ జవాబు లేదు. కంపెనీ మన తెలుగువాళ్ళదే కదా అని ఈసారి తెలుగులో రాస్తున్నాను.

నేను అడిగింది వైన్ గ్లాసులు, కార్క్‌స్క్రూలు, మంచినీళ్ళ సీసాలు. మీరు పంపింది టానిక్ వాటర్, క్లబ్ సోడా, చిప్స్. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నా బాధ దాని గురించి కాదు.

మొదటి రోజు 40 నిమిషాలు లైన్లో ఉంచాక ఒకమ్మాయి మాట్లాడింది. "సోడానే కదా సార్, కౌంటర్ దగ్గర పెట్టండి, అమ్ముడుపోతాయి" అంది. అమ్మకూడదమ్మా అన్నాను. మద్యం, వైన్ కాక మేం ఇంకేం అమ్మొచ్చో న్యూయార్క్ చట్టంలోనే రాసి ఉంది. ఐసు, కార్క్‌స్క్రూలు, వైన్ గ్లాసులు, గిఫ్ట్ బ్యాగులు, లాటరీ టికెట్లు, ఇలాంటివి కొన్నే. నీళ్ళైనా సరే గ్యాసూ ఫ్లేవరూ ఉండకూడదు. బీరు కావాలన్నా జనం గ్రోసరీకి పోవాల్సిందే, మేం అమ్మకూడదు. ఇదంతా ఓపిగ్గా చెబితే ఆ అమ్మాయి "లిక్కర్ షాపులో సోడా అమ్మకూడదా?" అని పకపకా నవ్వింది.

మర్నాడు ఇంకొకతను డెలివరీ వాళ్ళని అడగమన్నాడు. వాళ్ళేమో సరుకు దించడం వరకే మా పని, సేల్స్‌ని అడగండి అన్నారు. సేల్స్ అతను నా ఫోన్ ఎత్తడు. మా ఆవిడ నంబర్ నుంచి చేస్తే ఎత్తి, నా గొంతు వినగానే మీటింగ్‌లో ఉన్నానని పెట్టేశాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి. వారం తర్వాత "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చింది. పెట్టెలు మాత్రం మా వెనక గదిలోనే ఉన్నాయి!

చివరికి దొరికిన సూపర్‌వైజర్, "మిగతా షాపులవాళ్ళు తీసుకుంటున్నారు, మీకేంటి ప్రాబ్లం?" అన్నాడు. లైసెన్స్ నాదండీ. స్టేట్ లిక్కర్ అథారిటీ నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చి ఈ పెట్టెలేంటని అడిగితే జవాబు చెప్పాల్సింది నేను, మీరు కాదు. తెలియని మనిషి లోపలికొస్తే చాలు, టెన్షన్ పడుతున్నాను.

2020లో కరోనాకి ఊరంతా మూతపడినా మా షాపులు తెరిచే ఉన్నాయి. అప్పుడు మీ సరుకు వారాల తరబడి ఆలస్యమైంది. అయినా నేను వేరేవాళ్ళ దగ్గరికి పోలేదు, ఒక్క మాట అనలేదు. దానికి ఇదా మర్యాద?

పెట్టెలు తీసుకెళ్ళి నా డబ్బు తిరిగివ్వండి. శుక్రవారం లోపు ఎవరూ రాకపోతే అటార్నీ జనరల్ ఆఫీసుకి ఫిర్యాదు పెడతాను. ఇక్కడ షాపులున్న మనవాళ్ళందరికీ జరిగింది జరిగినట్టు చెబుతాను. ఫోన్ మాత్రం మీరే చేయండి, ఇంకొకరితో చేయించకండి. పొద్దున 11 నుంచి షాపులోనే ఉంటాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్