పూర్వ అథ్లెట్ల సంఘం చరిత్ర పుస్తకం: జమా ఖర్చుల వివరణ

అందరికీ నమస్కారం. లెక్కలు ఎప్పుడు పెడతారు, ఎప్పుడు పెడతారు అని రెండు నెలలుగా అడుగుతూనే ఉన్నారు, కొంతమంది అడిగే తీరులో "తినేసారా" అన్న మాట కూడా వినపడుతోంది, సరే. ఆడిటర్ సంతకం పెట్టిన షీటు అసలు అంకెలతో మొన్న ఆదివారమే సభ్యులందరి మెయిల్‌కీ పంపాం. డబ్బులు నాలుగైదు దేశాల నుంచి రకరకాల కరెన్సీల్లో వచ్చాయి కాబట్టి ఇక్కడ మాత్రం వచ్చిందంతా కలిపి 100 అనుకుని అందులో దేనికెంత అని చెప్తున్నాం. షీటు పక్కన పెట్టుకుని చూడండి, తేడా ఉంటే అడగండి.

జమ:
విరాళాలు 58
పుస్తకానికి ముందస్తు బుకింగులు 17
శాశ్వత సభ్యత్వాలు 14
పాత కమిటీ అప్పజెప్పిన నిల్వ 9
బ్యాంకు వడ్డీ 2

ఇచ్చిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి దండం. డిస్కస్ అక్క ఒకావిడ పేరు వెయ్యొద్దంది కాబట్టి వెయ్యట్లేదు, అడక్కుండానే రెండుసార్లు పంపింది. ఇస్తామని మాటిచ్చినవాళ్ళు మొత్తం 63 మంది. అందులో పూర్తిగా కట్టినవాళ్ళు 41, కొంత కట్టి ఆగినవాళ్ళు 9, ఇప్పటిదాకా పైసా పంపనివాళ్ళు 13. ఆ 13 మందిలో రీయూనియన్ రోజు మైకు లాక్కుని "నేనున్నాను" అన్నవాళ్ళు కూడా ఉన్నారు, చప్పట్లు కొట్టింది మేమే కాబట్టి బాగా గుర్తుంది.

ఖర్చు:
రీయూనియన్ మీట్ (గ్రౌండు, లైన్లు, అఫీషియల్స్, ఫస్ట్ ఎయిడ్, షీల్డులు) 21
ఇప్పటి టీమ్ పిల్లలకి స్పైక్స్ (ముళ్ళ బూట్లు), ప్రయాణాలు 19
ఆడిట్, పోస్టేజీ, బ్యాంకు చార్జీలు 3
పుస్తకం ప్రింటింగ్ 15
ప్రింట్ చేసి పారేసినవి 8
పాత రిజిస్టర్ల స్కానింగ్, రికార్డుల పరిశీలన 26
చేతిలో ఉన్నది 8

మొదటి నాలుగింటి గురించి ఎవరూ ఏమీ అనలేదు, బిల్లులన్నీ ఉన్నాయి, వదిలేద్దాం.

పారేసిన 8 మా తప్పే, ఒప్పుకుంటున్నాం. ఎప్పటిదో సావనీర్‌లో ఉన్న వాక్యం ఎత్తి మొదటి పేజీలో పెట్టేసాం, "ప్రపంచంలోనే పాత అథ్లెట్లు కలిసి పెట్టుకున్న మొట్టమొదటి సంఘం మనది" అని. ప్రూఫు చూసినవాళ్ళెవరికీ అనుమానం రాలేదు, మనల్ని పొగిడే మాటని ఎవరు అనుమానిస్తారు చెప్పండి. రెండు ఫారాలు, అంటే 32 పేజీలు, ప్రింటయ్యాక ఒక జూనియర్ ఫోన్ చేసి మెల్లగా అడిగాడు, మరి అకిలీస్ క్లబ్ సంగతేంటన్నా అని. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో చదువుతున్న అథ్లెట్లూ చదివి వెళ్ళిపోయినవాళ్ళూ కలిసి ఆ క్లబ్ పెట్టుకున్నది 1920లో, అప్పటికి మన సంఘం కాదు కదా ఆ ఆలోచన కూడా లేదు. ఆ రెండు యూనివర్సిటీల మధ్య అథ్లెటిక్స్ పోటీ అయితే 1864లోనే మొదలైంది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు గెలిచిన హెరాల్డ్ అబ్రహామ్స్, 800 గెలిచిన డగ్లస్ లో (Lowe), ఇద్దరూ ఆ క్లబ్‌వాళ్ళే. కమిటీలో కూడా ఒకరిద్దరు "ఎవరు చూస్తార్లే, కానివ్వండి" అన్నారు. ఎవరో ఎందుకు, మనవాళ్ళే చూస్తారు, చూసి ఊరుకుంటారా? ఆపేసాం.

దానివల్ల ఒక మంచి కూడా జరిగింది, మొదటి చాప్టర్ మళ్ళీ రాసాం, ఇప్పుడది 1954 మే 6తో మొదలవుతుంది. ఇఫ్లీ రోడ్ ట్రాక్ మీద రోజర్ బానిస్టర్ మైలు 3:59.4లో, అంటే ప్రపంచంలో మొదటిసారి నాలుగు నిమిషాల లోపు, పరిగెత్తాడని అందరికీ తెలుసు, కానీ అది ఏ మీటో చాలామందికి తెలీదు. ఒకవైపు ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ టీమ్, ఇంకోవైపు ఏఏఏ (అమెచ్యూర్ అథ్లెటిక్ అసోసియేషన్) టీమ్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన బానిస్టర్ ఆ రోజు దిగింది యూనివర్సిటీకి ఎదురు టీములో. అతని ముందు పరిగెత్తి పేస్ పెట్టిన ఇద్దరిలో బ్రాషర్ది కేంబ్రిడ్జి, చాటవేది ఆక్స్‌ఫర్డ్, ముగ్గురూ అప్పటికే ఆ యూనివర్సిటీల నుంచి బయటికొచ్చేసినవాళ్ళు. అంటే మన రీయూనియన్‌లో పాతవాళ్ళకీ పిల్లలకీ పెట్టే రేసు లాంటిదే, కాకపోతే మన దాంట్లో రెండో రౌండుకే సగం మంది నడుస్తారు.

ఇక స్కానింగ్, రికార్డుల పరిశీలనకి పోయిన 26. అసలు గొడవంతా ఇదే.

ముందు "ఫ్రీగా చేస్తానన్నవాళ్ళుండగా డబ్బులెందుకు ఇచ్చారు" అన్నదానికి జవాబు. ఫ్రీగా చేస్తానన్న ఒక మిత్రుడికే మొదట ఇచ్చాం. రిజిస్టర్లు ఏడు నెలలు ఆయన దగ్గరే ఉన్నాయి, తిరిగొచ్చేసరికి స్కాన్ అయింది పదకొండు పేజీలు, తడిసి అతుక్కుపోయినవి మూడు. ఆ తర్వాతే డబ్బులిచ్చి తెలిసినవాళ్ళ చేత చేయించాం, పుస్తకం ఆలస్యంలో సగం ఆ ఏడు నెలలదే.

రెండోది, స్కాన్ చేసి ఊరుకోక రికార్డులు ఎందుకు తిరగతోడారు అని. తిరగతోడక తప్పలేదు. పాత పేజీల్లో కొన్నిచోట్ల టైము సెకనులో అయిదో వంతుల్లో ఉంది, కొన్నిచోట్ల పదో వంతుల్లో, దూరాలు గజాల్లో. 440 గజాలంటే 402.336 మీటర్లు, దాన్ని 400 మీటర్ల లిస్టులో ఎలా కలుపుతాం? ఇది రాస్తున్న నా రిలే రికార్డు కూడా 4×110 గజాలదే, దాన్నీ తీసి గజాల లిస్టులో పెట్టారు. కమిటీ తనవాళ్ళని కాపాడుకుంది అంటున్నవాళ్ళు ఇది కాస్త గమనించాలి.

100 మీటర్లలో పైనున్న పేరు ఎందుకు మార్చారన్న గొడవ తెలిసిందే. మన సీనియర్ అన్నగారి 10.5, ఇన్నేళ్ళుగా బోర్డు మీద పైన ఉన్నది. ఆ పేజీ నేను కళ్ళారా చూసాను. ముగ్గురు టైంకీపర్ల గడులు, 10.5, 10.6, 10.7, నీలం ఇంకుతో. 10.5 చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా, సున్నా ఎవరు చుట్టారో సంతకం లేదు. మూడు వాచీలు మూడు రకాలుగా చూపిస్తే మధ్యది తీసుకోవాలి, అంటే 10.6. పైగా వాచీ చేత్తో నొక్కేది, తుపాకి పొగ చూసి నొక్కేసరికే కొంత ఆలస్యమవుతుంది, అందుకే ఎలక్ట్రానిక్ టైముతో పోల్చాలంటే 100కి 0.24 కలపాలి, 10.84 అవుతుంది. తర్వాతి బ్యాచుల్లో ఒకబ్బాయిది ఎలక్ట్రానిక్‌లో 10.79 ఉంది. ఇంక పైన ఎవరి పేరు రాయాలి మీరే చెప్పండి. ఇది మేం కనిపెట్టిన రూలు కాదు, 400 వరకు ప్రపంచ రికార్డులకి 1977 నుంచి ఎలక్ట్రానిక్ టైమే లెక్క. 1968 మెక్సికోలో జిమ్ హైన్స్‌కి చేతి వాచీలు 9.9 ఇచ్చాయి, చివరికి రికార్డుగా నిలబడింది ఎలక్ట్రానిక్ 9.95.

అన్నగారి పేరు తీసెయ్యలేదు, చేతి టైముల లిస్టులో ఇప్పటికీ మొదట ఆయనే, 10.6తో. మట్టి ట్రాకు మీద ఆ టైము తియ్యడం ఎంత కష్టమో పరిగెత్తిన మాకు తెలీదా. ఫోన్ చేసి చెప్తే ఆయన ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మిగతా విడత గురించి చూద్దాంలే" అన్నారు. కొంత కట్టి ఆగిన ఆ 9 మందిలో ఆయన కూడా ఒకరు అని వేరే చెప్పక్కర్లేదు. జావెలిన్ అన్నగారు మాత్రం ఖుషీగా ఉన్నారు, మగవాళ్ళ జావెలిన్ డిజైను 1986లో మారింది కాబట్టి పాత జావెలిన్ లిస్టు మూసేసాం, ఆయన రికార్డు ఇక ఎవరూ కొట్టలేరు.

26లో కొంత అమ్మాయిల చాప్టర్‌కి పోయింది, దాని మీద కూడా సణుగుడు వినపడింది. రిజిస్టర్లలో వాళ్ళ పేజీలు పలచగా ఉన్నాయంటే పరిగెత్తలేక కాదు, ఈవెంటే పెట్టక. ఒలింపిక్స్‌లోనే ఆడవాళ్ళ 800 ని 1928లో పెట్టి తీసేస్తే మళ్ళీ వచ్చింది 1960లో, పోల్ వాల్ట్ 2000లో, స్టీపుల్‌చేజ్ 2008లో. అందుకని అక్కల దగ్గరున్న ఫోటోలు, సర్టిఫికెట్లు, ఉత్తరాలు తెప్పించుకుని కాపీలు తీయించి తిరిగి పంపాం, పోనూ రానూ రిజిస్టర్డ్ పోస్టు. ఒక్క ఫోటో కూడా పోలేదు. పుస్తకంలో బాగా వచ్చిన చాప్టర్ కూడా అదే అని నా అభిప్రాయం, కమిటీ అభిప్రాయం కాదు.

మిగిలిన 8 ముందస్తు బుకింగులవాళ్ళకి కాపీలు పంపడానికి. ఇంకా పైసా పంపని 13 మందీ పంపేస్తే బౌండు పుస్తకం, పంపకపోతే మామూలు అట్ట, నెలాఖరు దాకా చూస్తాం. బిల్లులు, రిజిస్టర్లు కార్యదర్శి దగ్గరున్నాయి, ఏ ఆదివారమైనా వచ్చి చూసుకోవచ్చు, ఎర్ర సున్నా ఉన్న పేజీ కూడా. రిజిస్టర్లు ముట్టుకునేముందు మాత్రం చేతులు కడుక్కుని తుడుచుకోండి, ఇంటికి పట్టుకెళ్తానని అడగొద్దు.