చిన్న తిరుగుళ్ళకి కారు అడిగితే డీజిల్ బండి అంటగట్టారు: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

ధవళేశ్వరం,
తూర్పు గోదావరి జిల్లా.

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,
నకలు: మీ రాజమహేంద్రవరం షోరూము మేనేజరు గారికి.

విషయం: మీ షోరూములో కొన్న 2020 మోడల్ సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారులో దాచిన లోపం, కారు వెనక్కి తీసుకుని సొమ్ము చెల్లించడం గురించి.

అయ్యా,

మీ కస్టమర్ కేర్‌కి నేనిచ్చిన ఫిర్యాదు ‘పరిష్కరించబడింది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు. కారు మాత్రం ఇంకా సర్వీస్ సెంటర్లోనే ఉంది. రిపేరుకి 94 వేల రూపాయలవుతుందన్న కొటేషన్ నా చేతిలో ఉంది. ఫోన్లో ఒక్కో పూట ఒక్కో గొంతు పలుకుతోంది గనక, జరిగింది కాగితం మీద పెడుతున్నాను.

ముందుగా నేనేం అడిగానో చెప్పాలి. ఎందుకంటే మీవాళ్ళు ఇప్పుడు ‘మేడమ్ గారే డీజిల్ ఇష్టపడ్డారు’ అంటున్నారు.

మావారు మస్కట్‌లో ఉద్యోగం. ఇంట్లో నేను, మా అత్తగారు, ఇద్దరు పిల్లలు. అత్తగారికి రెండు మోకాళ్ళకీ ఆపరేషనైంది, ఆటో ఎక్కి దిగలేరు. మా కారు తిరిగేదల్లా దానవాయిపేటలో ఆవిడ ఫిజియోథెరపీకి, పిల్లల బడికి, దేవీచౌక్ దగ్గర నేను లెక్కలు రాసే ఎరువుల కొట్టుకి, ఆదివారమైతే కడియపులంకలో మా పుట్టింటికి. నెలంతా కలిపినా 300 కిలోమీటర్లు దాటదు. ఇదంతా మీ సేల్స్ అబ్బాయికి వాట్సాప్‌లో రాసి పంపాను. పెట్రోలు బండే కావాలి. సీటు ఎత్తుగా ఉండాలి, అత్తగారు మోకాళ్ళు పెద్దగా వంచకుండా పక్కకి తిరిగి కూర్చోగలగాలి. డిక్కీలో వాకరు పట్టాలి, అందుకని సిఎన్‌జీ సిలిండరున్న బండి వద్దు. అన్ని ఖర్చులూ కలిపి 5 లక్షలు మించకూడదు. వాగనార్ ఉంటే చూపించమని పేరు పెట్టి మరీ అడిగాను.

మీ అబ్బాయి బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టి ‘షూర్ మేడమ్’ అన్నాడు. తీరా షోరూముకి వెళితే వాగనార్ ఆ ఉదయమే అమ్ముడైపోయిందన్నారు. (ఆ తర్వాత చాలా రోజులు అది మీ యాప్‌లో అమ్మకానికి కనిపిస్తూనే ఉంది. పోనివ్వండి, దాని గురించి కాదు ఈ ఉత్తరం.) దాని బదులు ఈ డీజిల్ హ్యాచ్‌బ్యాక్ చూపించి, ‘సింగిల్ ఓనరు, హైవే మీద తిరిగిన బండి, ఇంజన్ వెన్నలా ఉంది, లీటరుకి 22 ఇస్తుంది, మీ బడ్జెట్‌లో ఇంత కొత్త మోడల్ దొరకదు’ అన్నారు. నేను డీజిల్ వద్దని మళ్ళీ అంటే, దగ్గర తిరుగుళ్ళకైతే డీజిల్ ఇంకా పొదుపన్నారు.

ఆ పొదుపు ఎంతో లెక్క వేద్దాం, నాకు రోజూ ఉన్న పనే. లీటరు పెట్రోలు 110 రూపాయలు, డీజిల్ 98 అనుకుందాం. పెట్రోలు కారు లీటరుకి 18 కిలోమీటర్లిస్తే 300 కిలోమీటర్లకి దాదాపు 1,830 రూపాయలు. డీజిల్ 22 ఇస్తే 1,340. అంటే మీవాళ్ళు చెప్పిన మైలేజీ పూర్తిగా వచ్చినా నెలకి మిగిలేది 500 లోపు. ఇప్పుడొచ్చిన ఈ ఒక్క రిపేరు డబ్బు ఆ మిగులుతో పూడాలంటే పదిహేనేళ్ళు పైన పడుతుంది. అప్పటికి కారే ఉండదు.

అయినా నా గొడవ మైలేజీ గురించి కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బండ్ల పొగ కాలుష్యం మీద బిఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. ఆ తర్వాత అమ్మిన డీజిల్ కార్లకి పొగగొట్టం దారిలో డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్, మీ భాషలో డీపీఎఫ్, ఉంటుంది. ఇంజన్ వదిలే మసిని అది పట్టి ఉంచుతుంది. నిండుతున్నప్పుడు ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్మి ఫిల్టరుని దాదాపు 600 డిగ్రీలకి వేడెక్కించి మసిని కాల్చేసుకోవాలి. అందుకు బండి ఆగకుండా, మంచి వేగంలో, పావుగంటో ఇరవై నిమిషాలో నడవాలి. ధవళేశ్వరం నుంచి దేవీచౌక్ దాకా వెళ్ళే దారిలో అది ఎక్కడ సాధ్యమో మీరే చెప్పండి. ఇంజన్ వేడెక్కేసరికి బడి వస్తుంది. బడి దగ్గర ఆపేస్తాను. పొయ్యి రాజుకునేలోపే నీళ్ళు చల్లినట్టు మసి కాలడం ప్రతిసారీ మధ్యలోనే ఆగిపోతుంది. మసి పేరుకుంటూ పోతుంది. కాలని డీజిల్ కొంత సిలిండరు గోడల వెంట దిగి ఇంజనాయిల్లో కలుస్తుంది. మా వీధి చివర మెకానిక్ ఆయిలు మట్టం కొలిచే డిప్‌స్టిక్ తీసి చూసి, ‘ఆయిలు తగ్గిందని వచ్చేవాళ్ళనే చూశానండీ, ఇదేంటి గరిష్ఠం గీత దాటి పైకొచ్చింది’ అని నోరు వెళ్ళబెట్టాడు. వాసన చూస్తే డీజిలే.

మీ అబ్బాయి, వాళ్ళ బావ పాత డీజిల్ కారుతో ఊళ్ళోనే ఏళ్ళ తరబడి తిరుగుతున్నాడు, ఏమీ కాలేదన్నాడు. అది నిజమే అయ్యుండొచ్చు. అంతకు ముందున్న బిఎస్-4 ప్రమాణాల రోజుల్లో చాలా చిన్న డీజిల్ కార్లకి ఈ ఫిల్టరు లేదు. నాకు అమ్మింది ఆ కారు కాదు కదా. చిన్న డీజిల్ కార్లని బిఎస్-6కి మార్చడం గిట్టుబాటు కాదని మారుతీ వాళ్ళు 2020లో డీజిలే మానేశారు. కార్లు అమ్మడమే పనిగా ఉన్న మీ సంస్థకి ఇది తెలియదంటే నేను నమ్మను. నెలకి 300 కిలోమీటర్లు, అన్నీ దగ్గర తిరుగుళ్ళే అని రాసి చెప్పిన మనిషికి ఈ ఫిల్టరు సంగతి ఒక్క ముక్క చెప్పకుండా అమ్మడం మోసం. ఇంతకంటే మెత్తటి మాట నాకు దొరకలేదు.

ఇక అసలు విషయం. డీపీఎఫ్ హెచ్చరిక దీపం వెలిగాక అధీకృత సర్వీస్ సెంటరుకి తీసుకెళ్ళాను. వాళ్ళు స్కానర్ పెట్టి ఇచ్చిన రిపోర్టు ఈ ఉత్తరంతో జతచేశాను. తీరిగ్గా చూడండి. స్కాన్ చేసినప్పుడు ఓడోమీటరు 78,803. కారు కంప్యూటర్ లోపాలని నమోదు చేసుకునే ఫాల్ట్ కోడ్‌లు, పాతవి చెరిపేశాక తిరిగిన దూరం 402 కిలోమీటర్లు. తీసివేస్తే 78,401 దగ్గర ఎవరో కోడ్‌లు చెరిపారు. మీ డెలివరీ నోటులో నేను తాళాలు తీసుకున్నప్పటి ఓడోమీటరు 78,412. అంటే బండి నా చేతికి రావడానికి 11 కిలోమీటర్ల ముందు, మీ యార్డులోనో, అక్కణ్ణించి షోరూముకి తెచ్చే దారిలోనో, కారు కంప్యూటర్లో ఉన్న హెచ్చరికలన్నీ తుడిచేశారు. మీ తనిఖీ రిపోర్టులో ‘హెచ్చరిక దీపాలు: లేవు’ అన్న గడికి ఎదురుగా పచ్చ టిక్కు ఉంది. దీపాలు లేకపోవడం నిజమే, ఆర్పేశారు గనక. నేను కొన్న నాటికే ఫిల్టరు చాలావరకు నిండి ఉందన్నమాట. నా తిరుగుడుతో మిగతాది కూడా నిండింది.

టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ కోడు చూసి, వెనక టైర్లు రెండూ పాతవని నేనే పట్టుకుని మార్పించుకున్నాను. సీట్ల కింద తేమ చూశాను, బానెట్ బోల్టుల మీద పానా గీతలు చూశాను. పగటి వెలుగులో కంటికి కనిపించేవన్నీ చూశాను. కంప్యూటర్లోంచి చెరిపేసింది కళ్ళతో ఎలా చూడాలో మీ తనిఖీ నిపుణులెవరైనా ఉంటే నేర్పించండి.

మీ దగ్గర్నుంచి ఇప్పటిదాకా వచ్చిన జవాబులు ఇవి. మొదటిది, ‘వారానికోసారి హైవే ఎక్కి రాజానగరం దాటి ఓ రౌండు వేసి రండి మేడమ్’. మసి కాల్చడం కోసం పని మానుకుని, డీజిల్ తగలేసి, లారీల మధ్య షికారు చెయ్యాలన్నమాట. పొదుపు బండి అని అమ్మింది దీన్నే. రెండోది, ఇంజనుకీ గేరుబాక్సుకీ వారంటీ ఉంది గానీ పొగగొట్టం భాగాలకి లేదు. ఆ ఫిల్టరు వల్లే ఇంజనాయిలు పాడైందని సర్వీస్ సెంటరు రాసిచ్చాక కూడా ఇదే మాట. మూడోది, ‘ఉన్నది ఉన్నట్టు’ కొంటున్నానని నేను సంతకం పెట్టానట. పెట్టాను. ఉన్నది ఉన్నట్టు అమ్మేవాళ్ళు ఉన్నది చూపించాలి కదా, చెరిపేసి కాదు.

ఆర్‌సీ సంగతి కూడా ఒక మాట. పేరు మార్పిడి ఖర్చులు ధరలోనే కలిపారు. ఆ మార్పిడికి పెట్టే 29, 30 ఫారాల మీద నా సంతకాలు మొదటి రోజే తీసుకున్నారు. కాగితం ఈ రోజుకీ పాత యజమాని పేరు మీదే ఉంది. పాత యజమాని డీలరుకి బండి అప్పగించినట్టు 29సి ఫారంలో తెలియజేస్తే డీలరునే యజమానిగా లెక్కిస్తారని 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధన. ఆ ఫారం దాఖలైందా లేదా చెప్పండి. ఆర్‌సీ మారక ఇన్సూరెన్సూ మారలేదు. రేపు దారిలో ఏమైనా అయితే బండి డ్యామేజీ క్లెయిముకి నేనెవర్ని? మస్కట్ నుంచి మావారు ఫోన్ చేసినప్పుడల్లా మొదట అడుగుతున్నది ఇదే.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం సరుకు నాణ్యత గురించి తప్పుడు మాట చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం కూడా దాని కిందికే వస్తుంది. మీ బిల్లులో గడువేదీ లేదు. నా మొదటి ఈమెయిల్ బిల్లు తేదీ నుంచి 30 రోజుల లోపలే మీకు అందింది. దాని నకలూ పెట్టాను.

కాబట్టి నేను కోరేది ఇది. కారు వెనక్కి తీసుకుని నేను కట్టిన 4,85,000 రూపాయలు పూర్తిగా ఇవ్వండి, స్కానింగుకీ ఆయిలు మార్పుకీ నాకైన ఖర్చుతో సహా. అది కుదరదంటే అంతే ధరలో పెట్రోలు కారు ఇవ్వండి. కానీ దాన్ని మీ తనిఖీ రిపోర్టు చూసి కాదు, నేను ఎంచుకున్న సర్వీస్ సెంటర్లో స్కాన్ చేయించి, సర్వీసు చరిత్ర తీయించి చూశాకే తీసుకుంటాను. ఆర్‌సీ నా పేరు మీదికి మారాకే తాళాలు పుచ్చుకుంటాను. ఫిల్టరు శుభ్రం చేయించి ఇదే బండి తిరిగిస్తామంటే మాత్రం ఒప్పుకోను. మా తిరుగుడు మారదు, నాలుగు నెలల్లో మళ్ళీ అదే దీపం వెలుగుతుంది.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. ఫోన్లో వద్దు. జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కొనుగోలుదారు ఉండే చోటే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఇప్పటికే నమోదు చేయించాను.

వాట్సాప్ సంభాషణ, బిల్లు, డెలివరీ నోటు, మీ తనిఖీ రిపోర్టు, స్కాన్ రిపోర్టు, సర్వీస్ సెంటరు కొటేషన్ నకళ్ళు జతచేశాను. అసళ్ళు నా దగ్గరే ఉంటాయి. కారు చూడ్డానికి మీ మనిషిని పంపేటట్టయితే ముందు రోజు చెప్పి పంపండి, సర్వీస్ సెంటరు వాళ్ళ ఎదుటే చూడాలి. స్కానరు మాత్రం మీవాళ్ళ చేతికివ్వద్దని వాళ్ళకి చెప్పి ఉంచాను.

ఇట్లు,
మీ షోరూములో కారు కొన్న వినియోగదారు
(సంతకం)