సమాచారం ఇచ్చినవారికి రక్షణ ఏది?

సంపాదకుల వారికి,

అయ్యా,

మరో మహమ్మారి వస్తే కొత్త సాంకేతిక విజ్ఞానమే మనల్ని గట్టెక్కిస్తుందన్న మాట తరచుగా వినిపిస్తోంది. అందులో నిజం లేకపోలేదు. కరోనా వైరస్ జన్యుక్రమం 2020 జనవరి రెండో వారానికల్లా అందరికీ అందుబాటులోకి రాగా, దాని ఆధారంగా రూపొందించిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకా (వైరస్‌లోని ఒక ప్రోటీన్‌ను తయారుచేసే సూచనను శరీరానికి అందించే టీకా) తొలి మోతాదును మార్చి 16న ఒక వాలంటీరుకు ఇవ్వగలిగారు. వైరస్ నమూనా కోసం ఎదురుచూడకుండా ప్రయోగశాలలు పని మొదలుపెట్టాయంటే, ఆ క్రమాన్ని శాస్త్రవేత్తలు దాచకుండా బయటపెట్టడమే కారణం. ఎంత కొత్త సాధనమైనా ఎవరో ఒకరు ఇష్టపూర్వకంగా ఇచ్చే సమాచారం మీదే నడుస్తుంది. అలా ఇచ్చినవారి పట్ల ప్రపంచం వ్యవహరించిన తీరే నన్ను కలవరపెడుతోంది.

2021 నవంబర్ 24న దక్షిణాఫ్రికా ఒక కొత్త రకం వైరస్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేసింది. రెండు రోజుల్లో దానికి ఒమిక్రాన్ అని పేరు పెట్టారు. ఆ వెంటనే అనేక దేశాలు ఆ ప్రాంతం నుంచి వచ్చే విమానాలను ఆపేశాయి. నెదర్లాండ్స్‌లో అదే నెల 19, 23 తేదీల్లో సేకరించిన నమూనాల్లోనూ ఆ రకం ఉన్నట్లు తర్వాత బయటపడింది; అంటే దక్షిణాఫ్రికా చెప్పేనాటికే అది వేరే చోటికీ చేరిపోయింది. ముందుగా కనిపెట్టి, నిజాయితీగా చెప్పిన దేశానికి దక్కిన ఫలితం ఇది. రేపు ఇలాంటి మార్పును గుర్తించే మరో దేశం, నోరు విప్పేముందు తన పర్యాటకం, ఎగుమతులు ఏమవుతాయోనని వెనకాడితే తప్పుపట్టగలమా?

వ్యక్తులకూ ఇదే అనుభవం ఎదురైంది. రోగి దగ్గరగా మెలిగినవారిని గుర్తించడానికి సింగపూర్ 2020 మార్చిలో ట్రేస్‌టుగెదర్ యాప్ తెచ్చి, ఆ వివరాలు అందుకోసమే వాడతామని ప్రజలకు చెప్పింది. నేర పరిశోధనలో పోలీసులు కూడా వాటిని తీసుకోవచ్చని 2021 జనవరిలో వెల్లడైంది. తీవ్ర నేరాలకే పరిమితం చేస్తూ చట్టం వచ్చింది ఆ తర్వాతే. ఇలాంటి యాప్‌ల కోసమే ఆపిల్, గూగుల్ కలిసి రూపొందించిన మరో పద్ధతిలో ఎవరెవరు దగ్గరగా వచ్చారన్న సమాచారం ఫోనులోనే ఉండిపోతుంది. దానివల్ల ఆరోగ్య సిబ్బందికి వ్యాప్తి తీరు సరిగా తెలియదన్న విమర్శ సబబే అయినా, నమ్మకం పోయిన యాప్‌ను జనం తీసేస్తే ఆ సిబ్బందికి ఆ కొంచెం సాయమూ దొరకదు. ఎవరి పేరూ అడగకుండా ఒక ఊరిలో వైరస్ పెరుగుదలను పసిగట్టే మురుగునీటి పరీక్షలకు మరింత ప్రాధాన్యం ఇవ్వాలని నేను కోరేది కూడా ఇందుకే.

కాబట్టి అత్యవసర సమయంలో ఏ వివరాలు సేకరించాలి, ఎవరు చూడవచ్చు, ఎన్నాళ్లకు చెరిపేయాలి అన్నవి మహమ్మారి లేని ఇప్పుడే చట్టంలో రాయాలి. దేశాల మధ్య కూడా అంతే. 2025 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల వేదిక అయిన ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన మహమ్మారి ఒప్పందం ప్రకారం, దాని కింద ఏర్పాటయ్యే పంపకాల వ్యవస్థలో చేరే తయారీదారులు మహమ్మారి కాలంలో ఉత్పత్తి చేసే టీకాలు, మందులు, పరీక్షా సామగ్రిలో 20 శాతాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలన్నది లక్ష్యం. అయితే వైరస్ వంటి రోగకారకాల నమూనాలనూ, వాటి వల్ల కలిగే ప్రయోజనాలనూ ఎలా పంచుకోవాలో చెప్పే అనుబంధాన్ని అప్పుడు తేల్చకుండా తదుపరి చర్చలకు వదిలిపెట్టారు. సమాచారం ఇచ్చిన దేశానికి టీకాల్లో న్యాయమైన వాటాతోపాటు, ఆధారం లేని ప్రయాణ నిషేధాల నుంచి రక్షణ కూడా దక్కాలని ప్రభుత్వాలు పట్టుబట్టాలి. ఈ చర్చల్లో ఏ ప్రభుత్వం ఏ వైఖరి తీసుకుందో మీ పత్రిక ఎప్పటికప్పుడు పాఠకులకు తెలియజేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు