శీనుగాడి మంచం, ఇస్తాంబుల్‌లో

ఒరేయ్ శీనూ,

ఉత్తరం రాస్తానని చెప్పి మూడు నెలలైంది. తిట్టుకో, పడతాను. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, బాగానే ఉంది. చిన్నాడు స్కూల్లో చేరాడు. అంతే.

అసలు సంగతి విను. నీ మంచం చూశాన్రా, హగియా సోఫియాలో, అదే ఒకప్పుడు చర్చిగా ఉండి ఇప్పుడు మసీదైన కట్టడంలో! నవ్వకు. వచ్చేటప్పుడు ఇస్తాంబుల్‌లో ఒకరోజు ఆగాను కదా (వీసా గొడవ వేరే కథ), అక్కడికెళ్లా. 2024 నుంచి మనలాంటి టూరిస్టులకి పై గ్యాలరీ మాత్రమే, కింద నమాజుకి. టికెట్ 25 యూరోలు. రూపాయల్లో ఎంతో చెప్పను, నీ బీపీ నాకు తెలుసు.

పైనుంచి కిందకి చూస్తే తివాచీ వంకరగా ఉంది! అంత పెద్ద హాలు, తలెత్తితే 55 మీటర్ల ఎత్తున గుమ్మటం, కింద తివాచీ చారలు మాత్రం గోడలతో సంబంధం లేకుండా ఏటవాలుగా పోతున్నాయి. మన రూములో ఉత్తరానికి తల పెట్టకూడదని నువ్వు మంచాన్ని ఐమూలగా లాగావే, అచ్చం అలా. ఆ కోడు తగిలిన మచ్చ నా మోకాలి కింద ఇంకా ఉంది.

537లో జస్టీనియన్ చక్రవర్తి కట్టించింది చర్చి. బలిపీఠం వైపు ముఖం పెట్టి నిలబడితే మక్కా ఇంకాస్త కుడిపక్కకి వస్తుంది. 1453లో ఒట్టోమన్ సుల్తాను రెండో మెహ్మద్ ఊరు గెలుచుకుని దాన్ని మసీదు చేశాడు. అంత కట్టడాన్ని తిప్పలేరు కదా! నమాజు మక్కా వైపు తిరిగే చెయ్యాలి. అందుకే మిహ్రాబ్‌ని, అంటే ఆ దిక్కు చూపే గోడగూడుని, నట్టనడుమ కాకుండా కాస్త కుడికి జరిపి పెట్టారు. 1935లో మ్యూజియం అయింది. 2020 జూలైలో మళ్లీ మసీదు చేసి తివాచీ పరిచారు, మళ్లీ అదే వంకరలో.

మిహ్రాబ్ పైన, ఎత్తులో, బిడ్డని ఒళ్లో పెట్టుకున్న మేరీమాత మొజాయిక్ ఉంది. కిందవాళ్లకి కనబడకుండా తెల్ల తెరలు కట్టారు. గ్యాలరీలో పక్కకి జరిగితే కొంచెం కనిపిస్తుంది. నా పక్కన ఒక ముసలావిడ అక్కడే నిలబడి, ఎవరూ చూడకుండా గబుక్కున శిలువ గుర్తు వేసుకుంది. అప్పుడే కింద ఒకాయన చిన్న మనవణ్ణి చెయ్యి పట్టుకుని ఆ చారమీద సరిగ్గా నిలబెడుతున్నాడు. ఇద్దరినీ చూస్తుంటే నాకేదో... టికెట్ కొనుక్కొచ్చినవాడిని నేనొక్కణ్ణే ఏమో అనిపించింది. ఆవిడా కొనే ఉంటుందిలే, అది కాదు నేననేది. మన ఊళ్లో అయితే ఈపాటికి... సర్లే, అది ఫోన్లో.

వంకర మాత్రం మొదటి పది నిమిషాలేరా. తర్వాత గోడలే వంకరగా కట్టారేమో అనిపించింది. నువ్వూ ఆ రోజు ఇదే కదా అన్నావ్, "మంచం సరిగ్గానే ఉంది, రూమే తేడా" అని! మేం ముగ్గురం ఎంత ఏడిపించాం నిన్ను.

ఇంకా ఆ పాలరాతి రెయిలింగు మీద వెయ్యేళ్ల కింద ఎవడో వైకింగు (ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చే యోధుడు) పేరు గీకిన కథ చెప్పాలి. హాల్ఫ్‌డాన్ అట, మన బెంచీల మీద నువ్వు గీకినట్టే... అయ్యో, క్యాబ్ వాడు కింద హారన్ కొడుతున్నాడు. ఉంటా.

నీ
మోకాలి మచ్చ