డ్రైవు పెట్టెలోని ఎండ

చీమకుర్తి

ప్రియమైన మిత్రమా,

ఇందుకూరుపేట చెరువుగట్టు మీద ఏరియేటర్లకు (రొయ్యల చెరువు నీటిని చిలికి ఆక్సిజన్ అందించే యంత్రాలకు) పెట్టించిన కొత్త డ్రైవు, అదే మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం, మధ్యాహ్నం పూట ఆగిపోయి, పొద్దు వాలాక దానంతట అదే నడుస్తున్నదనీ, 50 డిగ్రీల దాకా పనిచేస్తుందని రాసి కంపెనీవాడు మోసం చేశాడనీ నువ్వు వాపోవడం చదివి నవ్వుకున్నాను. నిరుడు రోహిణి కార్తెలో నేనూ అచ్చం ఇలాగే తిట్టుకున్నాను.

మా రాయి పాలిషింగ్ మిషను డ్రైవు రోజూ రెండు గంటల వేళకు ఆగిపోతుంటే మెకానిక్కు లోపలి సర్క్యూట్ కార్డు పోయిందన్నాడు. నాకు నమ్మకం కుదరక పెట్టెలో థర్మామీటరు వేలాడదీసి చూస్తే, షెడ్డులో 44 డిగ్రీలున్నప్పుడు లోపల 58 చూపించింది. కంపెనీ పుస్తకంలో వేసే అంకె వార్తల్లో చెప్పే ఎండ కాదు, ఆ పరికరాన్ని తాకే గాలి వేడి. డ్రైవు తన గుండా పోయే కరెంటులో నూటికి రెండు మూడు వంతులు వేడిగా వదులుతుంది గనుక, 15 కిలోవాట్ల డ్రైవును బిగించిన పెట్టెలో పెట్టడమంటే దాని పక్కనే చిన్న హీటరు వెలిగించినట్టే. పైగా ఆ 50 కూడా షరతు మీద చెప్పిన మాట. చాలా డ్రైవులకు పూర్తి లోడు 40 డిగ్రీల వరకే, ఆపైన లోడు తగ్గించుకోవాలని వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మోటారుదీ ఇదే లెక్క. ఎఫ్ క్లాసు (తీగల మీది ఇన్సులేషను ఎంత వేడికి ఆగుతుందో చెప్పే తరగతి) మోటారు 155 డిగ్రీలు తట్టుకుంటుందంటే, అందులో 40 బయటి గాలిది, 105 వైండింగులో, అంటే మోటారు లోపలి తీగచుట్టలో, పుట్టే వేడిది, మిగిలిన 10 లోపల మరీ వేడెక్కే చోటికి వదిలినది. గాలి 46కు చేరితే ఆ 6 డిగ్రీలూ వైండింగు వాటాలోంచే కోతపడతాయి.

నన్నడిగితే ఆగిపోయే డ్రైవు మేలే చేస్తున్నది. ఆగకుండా ఆ వేడిలోనే నడిస్తే, లోపల విద్యుత్తును నిలవచేసే కెపాసిటర్ల ఆయుష్షు పెరిగిన ప్రతి 10 డిగ్రీలకూ సుమారు సగమైపోతుంది.

మా పెట్టె విప్పితే ఫ్యాను రెక్కల మీద రాతిపొడి తడిసి, ఎండి, విభూతి పూసినట్టు అట్టకట్టి ఉంది. గోటితో గీకితే పెళ్లలుగా ఊడింది. దాన్ని కడిగించి, వేడి గాలి బయటికి పోయేలా పైన ఇంకో ఫ్యాను బిగించి, పెట్టెను పడమటి గోడ నుంచి ఉత్తరపు గోడకు మార్చి, లోడు కాస్త తగ్గించాక మళ్లీ ఆగలేదు.

నువ్వు మాత్రం తలుపు తెరిచి వదలకు. ఉప్పుగాలికి కార్డులు తుప్పుపడతాయి. పైకప్పు రేకుల మీద తాటాకు కప్పించు. చెరువులో ఆక్సిజన్ తగ్గేది తెల్లవారుజామున గనుక ఇన్నాళ్లూ రొయ్యలు బతికిపోయాయి. రేపు రెండు గంటలకు పెట్టెలో ఎంత వేడి ఉందో చూసి, మోటారు పలక మీది అంకెలతో సహా రాసి పంపు.

ఇట్లు,
నీ మిత్రుడు