మా పాప ‘వద్దు’ అన్న మాటకు అండగా నిలిచినవాళ్లకు

గొట్లంలో పొద్దున్నే విజయనగరం బస్సెక్కే ఆకుకూరలమ్మే అప్పలకి (అక్కలకి), మా పాప తెలుగు టీచరుగారికి, ఆ అబ్బాయి వాళ్లమ్మగారికి నమస్కారాలు. పేర్లు రాయొద్దని పాప అంది, అందుకే రాయడం లేదు.

పాపది పదో తరగతి. క్లాసులో ఒకబ్బాయి సైన్సు రికార్డులో ఉత్తరం పెట్టి ఇచ్చాడు. అక్కడికక్కడే తిరిగిచ్చేసి, “నాకిష్టం లేదు, మళ్లీ ఇవ్వొద్దు” అందట. అయినా వాడు ఊరుకోలేదు. బస్టాపు దాకా వెంటపడటం, స్నేహితుల చేత పేరు పెట్టి అరిపించడం. మూడు వారాలు ఈ పిల్ల ఎవరికీ చెప్పుకోలేదు. ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని గోంగూర ఒలుస్తూ, తలెత్తకుండా, “అమ్మా, బడి మాన్పించవు కదా?” అని అడిగింది. అసలు సంగతి ఆ తర్వాతే చెప్పింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతుంది.

టీచరుగారు “నువ్వేం చేశావు?” అని పాపని ఒక్కసారి కూడా అడగలేదు. అబ్బాయిని ప్రార్థనలో నిలబెట్టి పరువు తీయనూ లేదు. వాళ్లమ్మగారిని పిలిపించి గదిలో మాట్లాడారు. 1098 పిల్లల కోసం రాత్రీపగలూ పనిచేసే నంబరని చెప్పి, పాప నోట్సు అట్ట లోపల రాయించారు. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని “మా గుంటడిదే తప్పమ్మా” అన్నారు. నెల రోజులు పని మధ్యలో వదిలేసి, బడి విడిచే వేళకి గేటు దగ్గరకొచ్చి కొడుకుని తనే తీసుకెళ్లారు. వాడూ చక్కగా చదువుకోవాలనే నా కోరిక.

ఇక బస్సు సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం కాబట్టి మొదటి వారం నేనూ వెంట వెళ్లాను. తర్వాత అప్పలే “నువ్వు పనికెళ్లు, మేం నేమా?” అన్నారు. పాపని మధ్యలో కూర్చోబెట్టుకుని, తోటకూర తట్టలు చుట్టూ పెట్టుకునేవారు. ఒకావిడ “గుంట నవ్వకపోతే గుంటడెందుకు ఎనకపడతాడు?” అంటే, మా పెద్దప్ప “నవ్వితే ఏటయ్యింది? వద్దన్నాక వద్దే!” అని గట్టిగా అంది. బస్సంతా విన్నారు. పాప ఆ రోజు ఇంటికొచ్చి ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది.

అప్పల్లారా, టీచరుగారూ, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ చూసి వెళ్లేటప్పుడు మా ఊళ్లో దిగండి. అరిసెలు చేసి ఉంచుతాను.