డాక్యుమెంటరీలో 'అని' ఎక్కడ పోయింది?

సంపాదకుడు గారికి,

2003లో అమెరికా ఇరాక్ మీద చేసిన యుద్ధం గురించి తీసిన రాజకీయ డాక్యుమెంటరీకి ప్రేక్షకుల స్పందనలంటూ మీరు వేసిన పేజీ చదివితే రెండే జట్లు కనిపించాయి. ఒక జట్టుకి అది కళ్లు తెరిపించిన సినిమా, రెండో జట్టుకి పచ్చి ప్రచారం. ఏ వాక్యం తప్పు, ఏ షాటు దగ్గర అతుకు పడింది అన్న ఊసు మాత్రం ఒక్క ఉత్తరంలోనూ లేదు. ఏడుపొచ్చిందని రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. కొడుకును పోగొట్టుకున్న తల్లిని చూస్తే ఎవరికైనా వస్తుంది. అయితే యుద్ధం ఎందుకు మొదలైందన్న ప్రశ్నకు ఆ కన్నీళ్లలో జవాబు దొరకదు.

ఇలాంటి సినిమాల్లో ముందుగా గమనించాల్సింది, మాట్లాడే మనిషి ముఖం ఎప్పుడు మాయమైందన్నది. నాయకుడు ప్రసంగిస్తుంటాడు, ఉన్నట్టుండి తెరమీదకి ట్యాంకులో జెండాలో వస్తాయి, గొంతు మాత్రం సాగుతూనే ఉంటుంది. ఎడిటర్లు అతుకు దాచుకునే చోటు అదే. ప్రతి అతుకూ మోసమేం కాదు, దగ్గునీ తడబాటునీ తీసేసేదీ ఆ దారిలోనే. కానీ ఊపిరి మధ్యలో తెగినట్టు వినిపించినా, గదిలో మోగే తీరు మారినా, అక్కడ ఆపి, అది సినిమాలో ఎన్నో నిమిషమో రాసుకోవాలి. తర్వాత పూర్తి ప్రసంగపాఠం తెరిచి, సినిమా వాడుకున్న ముక్కకి ముందు మూడు వాక్యాలు, వెనక మూడు వాక్యాలు చదవాలి. అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ హయాంలోని వైట్‌హౌస్ ప్రసంగాలు ఆర్కైవులో ఉన్నాయి, అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో జరిగిన చర్చల వీడియోలు వాటిని ప్రసారం చేసే సీ-స్పాన్ ఛానల్ దగ్గర దొరుకుతాయి. చాలాసార్లు ఈ ఆరు వాక్యాలతోనే సంగతి తేలిపోతుంది.

2003 జనవరి 28 నాటి బుష్ ప్రసంగాన్నే తీసుకోండి. 'పదహారు మాటలు' అని పేరుపడ్డ వాక్యం అందులోదే. ఇరాక్ పాలకుడు సద్దాం హుస్సేన్ ఈమధ్య ఆఫ్రికా నుంచి పెద్దమొత్తంలో యురేనియం సంపాదించాలని చూశాడని బ్రిటిష్ ప్రభుత్వం తెలుసుకుంది అన్నది దాని సారాంశం. యురేనియం అంటే అణ్వాయుధాలకు ముడిసరుకు. ఇంగ్లిషులో 'బ్రిటిష్ ప్రభుత్వం తెలుసుకుంది' అన్న ముక్క వాక్యం మొదట్లోనే ఉంది. తెలుగులోకి వచ్చేసరికి అది చివరికి, 'అని' తర్వాతికి జారుతుంది. సబ్‌టైటిల్‌కి ఉండేది రెండు వరుసల చోటు, కాబట్టి ముందు తెగిపోయేది ఆ తోకే. అప్పుడది బుష్ సొంత హామీలా వినిపిస్తుంది. తెలుగు సబ్‌టైటిళ్లతో చూసి కోపం తెచ్చుకునేవాళ్లు ఈ 'అని'ని వెతుక్కోవాలి.

అలాగని ఆ ముక్క ఉంచగానే బుష్ తప్పు నుంచి తప్పించుకున్నట్టూ కాదు. ఇదే ఆరోపణను 2002 అక్టోబరు 7న సిన్సినాటి నగరంలో బుష్ చేసిన ప్రసంగం నుంచి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ముందే తీయించింది. జనవరి ప్రసంగంలో దాన్ని పెట్టకుండా ఉండాల్సిందని 2003 జులైలో సీఐఏ డైరెక్టర్ జార్జ్ టెనెట్ ఒప్పుకున్నారు. సినిమా సమర్థకులు ఎత్తి చూపాల్సింది ఈ రెండు తేదీలను.

ఇరాక్ ఆయుధాల గురించి అమెరికా నిఘా సంస్థలన్నీ ఒకే మాట చెప్పాయని ఒకరు, ఎవరూ నమ్మలేదని ఇంకొకరు రాశారు. రెండూ తప్పే. 2002 అక్టోబరు నాటి జాతీయ నిఘా అంచనాలో, అంటే ఆ సంస్థలన్నీ కలిసి ప్రభుత్వానికి ఇచ్చిన రహస్య నివేదికలో, ఇరాక్ తెప్పించుకోబోయిన అల్యూమినియం గొట్టాల మీద పెద్ద పేచీ నడిచింది. అవి సెంట్రిఫ్యూజ్‌ల కోసమని, అంటే గిర్రున తిరుగుతూ యురేనియం శుద్ధి చేసే యంత్రాల కోసమని మెజారిటీ సంస్థలు అన్నాయి. సెంట్రిఫ్యూజ్‌ల గురించి బాగా తెలిసిన ఇంధన శాఖ కాదంది, విదేశాంగ శాఖ నిఘా విభాగం దానితో గొంతు కలిపింది. జనానికి విడుదల చేసిన పత్రంలో ఆ అసమ్మతి 'కొందరు నిపుణులు' అన్న స్థాయికి కుంచించుకుపోయింది, ఏ శాఖ కాదందో అందులో లేదు. అంచనాలోని ముఖ్య భాగాలు 2003 జులైలో, అంటే బాగ్దాద్ పడిపోయాక మూడు నెలలకి గానీ బయటికి రాలేదు. ఇంకో మెలిక కూడా ఉంది. గొట్టాల విషయంలో విభేదించిన ఇంధన శాఖే, ఇరాక్ అణు కార్యక్రమాన్ని మళ్లీ మొదలుపెట్టిందన్న మొత్తం తీర్పుకి తల ఊపింది. ఈ మెలిక వదిలేసే సినిమా ఏ పక్షానిదైనా సగమే చెప్పినట్టు.

బాగ్దాద్‌లోని ఫిర్దోస్ కూడలిలో సద్దాం విగ్రహం సంగతికొస్తే, 2003 ఏప్రిల్ 9న దాన్ని చివరికి కూల్చింది అమెరికన్ మెరైన్ సైనికుల ఎం-88 రికవరీ బండి, అంటే చెడిపోయిన ట్యాంకులను లాగే వాహనం. టీవీలు దగ్గరి షాట్లు చూపాయి, తెర అంచుదాకా జనమే. దూరం నుంచి తీసిన షాట్లలో కూడలి చాలామేర ఖాళీ. విదేశీ విలేకరులు దిగిన పాలస్తీన్ హోటల్ ఆ పక్కనే ఉండటంతో కెమెరాలకు కొదవ లేదు. అంతమాత్రాన దూరపు షాటు చూపించి 'ఎవరూ సంతోషించలేదు' అనే డాక్యుమెంటరీ కూడా అదే తప్పు చేస్తోంది. జనం గంటగంటకీ మారతారు, ఏ షాటు ఎన్ని గంటలకి తీసిందో చెప్పకపోతే రెండిటికీ విలువ లేదు.

మరొకటి. నేరమంతా ఒక్క అధ్యక్షుడి నెత్తిన రుద్దే సినిమాలు ఓట్ల లెక్క దగ్గరికొచ్చేసరికి నోరు మెదపవు. 2002 అక్టోబరులో యుద్ధాధికార తీర్మానం ప్రతినిధుల సభలో 296-133తో, సెనేట్‌లో 77-23తో గెలిచింది. సెనేట్‌లోని 50 మంది డెమోక్రాట్లలో 29 మంది అవునన్నారు. తర్వాత తెలిసిందాన్ని పట్టుకుని వాళ్లను ఉతికేయడం సులువు, ఆరోజు వాళ్ల చేతిలో ఏ కాగితం ఉందో అడగడమే కష్టం. 2003 మార్చి 7న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి ఎల్‌బరాదీ, ఆఫ్రికా దేశమైన నైజర్‌తో ఇరాక్ యురేనియం బేరం నడిపిందని చూపిన పత్రాలు అసలైనవి కావని భద్రతామండలికి చెప్పారు. యుద్ధం మొదలైంది రెండు వారాలైనా గడవకముందే. ఓటు నాటికి ఆ మాట లేదు, దాడి నాటికి ఉంది. దోషం ఎవరిదన్న వాదనకి ఈ తేడా పనికొస్తుంది, మీ పేజీలో ఎవరూ దీన్ని ముట్టుకోలేదు.

మీకో విన్నపం. వచ్చేసారి స్పందనలు వేసేటప్పుడు, ఎన్నో నిమిషం గురించి రాస్తున్నారో చెప్పిన ఉత్తరాలకే ముందు చోటివ్వండి. నచ్చింది, నచ్చలేదు అన్నవి మిగిలిన చోట సర్దొచ్చు. వివాదమైన ప్రసంగం ఉంటే దాని అసలు పేరాను తేదీతో సహా, 'అని' తెగకుండా, ఆ ఉత్తరాల పక్కనే అచ్చువేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు